నడింట్లో ఫ్యాను, మీ ఇంటి మిషను

చిరంజీవులకు హనుమకొండ నుంచి తాత ఆశీస్సులు.

బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు, మన నడింట్లో తిరుగుతున్న ఫ్యాను 1979లో కొన్నదని విని మీరు నోళ్లు వెళ్లబెట్టారు. హైదరాబాదులో మీ ఇంటి వాషింగ్ మిషను నాలుగేళ్లకే మూలపడిన సంగతి తలచుకుని, "పాత వస్తువులే గట్టివి కదా తాతా" అని అడిగారు. చుట్టాల సందడిలో ఔనని తల ఊపాను గాని, కాజీపేట లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాడు అంత తేలికగా తల ఊపకూడదు.

ఆ ఫ్యాను ఇంకా తిరుగుతున్న మాట నిజమే. అయితే రెండుసార్లు కాలిపోతే రాగి తీగతో మళ్లీ వైండింగు చేయించాను, బేరింగులు మూడుసార్లు మార్పించాను, కండెన్సర్లు ఎన్ని మారాయో లెక్క లేదు. కొన్ననాటివి రెక్కలు, రాడ్డు, పైడొప్ప మాత్రమే మిగిలాయి. దాని ఆయుష్షులో సగం వైండింగు షాపతను పోసినదే.

పైగా ఆ రోజుల్లోనే కొన్న మిక్సీ, రేడియో, ఇస్త్రీపెట్టె, అడుగంతా తుప్పు పట్టిన ఫ్రిజ్ ఏవి? పాత ఇనుప సామాన్ల బండి ఎక్కి ఎప్పుడో వెళ్లిపోయాయి, కాబట్టి వాటి గురించి మీరు అడగలేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిని, 1213 నాటి రామప్ప గుడిని చూసి కాకతీయుల కాలపు కట్టడాలన్నీ అంత గట్టివని అనుకుంటాం గాని, అదే ఓరుగల్లులో నేతగాళ్లు, కుమ్మరులు కాపురమున్న మట్టి ఇండ్లు ఏమయ్యాయని ఎవరూ అడగరు.

బండ్ల సంగతి చెప్పాలంటే, మీ నాన్న చిన్నప్పుడు మేడారం జాతరకు పోతుంటే తాడ్వాయి అడవిలో మా స్కూటరు రెండుసార్లు ఆగింది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలుతుంది. ఆ మసి ప్లగ్గు కొన మీద పేరుకుంటే నిప్పురవ్వ పుట్టదు. ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, తన్నగా తన్నగా బండి కదిలేది. బండి గట్టిదని అప్పుడు ఎవరమూ అనుకోలేదు, బాగుచేయడం మనకు వచ్చునని అనుకున్నాం. ఇప్పటి బండ్లకు ఆ బాధ లేదు. కాని 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగను కట్టడి చేసే బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే పని కంప్యూటరుకు అప్పగించారు. సెన్సరు చెడితే రోడ్డు పక్క మెకానిక్కు పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడవలసిందే.

కొత్త కార్లు రేకు డబ్బాలని మా ఈడువాళ్లు అనే మాట మాత్రం నమ్మకండి. 2009లో అమెరికాలో 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రొలే మాలిబును ఎదురెదురుగా గుద్దించి చూస్తే, కొత్త కారు ముందు భాగం తాను నలిగి, మనిషికి బదులు లోపల కూర్చోబెట్టిన బొమ్మను చాలావరకు కాపాడింది. పాత కారులోని బొమ్మకు ప్రాణాంతకమైన దెబ్బలు తగిలాయి.

కావాలని ఆయుష్షు తగ్గించిన సందర్భాలూ ఉన్నాయి. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు కూడబలుక్కుని, బల్బు సుమారు వెయ్యి గంటలకు మించి వెలగరాదని కట్టడి చేసుకున్నాయి, మించితే జరిమానా వేసుకున్నాయి. ఎక్కువకాలం వెలిగే తీగ అదే కరెంటుకు తక్కువ వెలుతురు ఇస్తుందన్నది వారి వాదన. అందులో కొంత నిజముంది, జరిమానాకు మాత్రం అది సాకు కాదు.

మన ఫ్యాను సుమారు 75 వాట్లు తాగుతుంది, కరెంటు తక్కువ తాగే కొత్తరకం మోటారుతో వచ్చే ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిప్పితే నెలకు 20 యూనిట్ల తేడా. మార్చుదామని నానమ్మ ప్రతి ఎండాకాలం అంటుంది. మార్చకపోవడం నా మొండితనం, లెక్క ఆమె వైపే ఉంది.

ఇక మీ మిషను. చెడినది మోటారు కాదని, లోపలి బోర్డని నాన్న చెప్పాడు. అలాంటి బోర్డుల మీద తేమ తగలకుండా మైనం లాంటి పూత పోస్తారు. నీళ్ల పక్కన అది నాలుగేళ్లయినా బతికిందంటే ఆ పూత వల్లనే, చెడిన భాగాన్ని విప్పి మార్చడం కష్టమైందీ ఆ పూత వల్లనే. బోర్డును పారేయవద్దని నాన్నతో చెప్పండి. సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని రండి, పూత గీకి చూద్దాం.

మీ తాత