బండికి తర్వాత ఏం కొనాలి? ఓవర్‌ల్యాండింగ్ సామాన్లపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా షెడ్డుకు వచ్చే ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లవాళ్లు పని అయిపోయి డబ్బులిచ్చేటప్పుడు అడిగే మాట ఒకటే: "అన్నా, ఇగ నెక్స్ట్ ఏం పెట్టియ్యాలె?" అడిగేసరికే చేతిలో ఫోన్ ఉంటుంది, అందులో ఎవరో ఓవర్‌ల్యాండింగ్ అని, అంటే సామాను, మకాం అన్నీ బండిలోనే పెట్టుకుని, ఆస్ట్రేలియా ఎడారిలో తిరుగుతుంటారు. మనవాళ్లు తిరిగేదేమో దేవరకొండ అవతల వైజాగ్ కాలనీ, సోమశిల, రాచకొండ గుట్టలు. సెలవులు కలిసొస్తే ఏడాదికోసారి లడాఖ్. నేను ఎదురు ఒకటే అడుగుతాను: పోయినసారి ఎక్కడ ఇబ్బంది పడ్డారు? దానికి జవాబు ఉంటే కొనాల్సిందేంటో దానంతట అదే తేలుతుంది. జవాబు లేకపోతే డీజిల్ కొట్టించుకుని ఇంకోసారి తిరిగి రమ్మంటాను. షాపులో కూర్చున్నవాడు చెప్పాల్సిన మాట కాదనుకోండి.

అపోహ: టైర్ దిగబడితే వించ్ (బండి ముందు బిగించే, తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) లేకుండా బయటపడలేం. కాబట్టి ముందు వించ్ కొనాలి.

వాస్తవం: వించ్ కొక్కెం తగిలించడానికి ఎదురుగా ఏదైనా ఉండాలి కదా. ఎండాకాలంలో సాగర్ బ్యాక్‌వాటర్ వెనక్కి తగ్గాక ఒడ్డుకు పోయి చూడండి, కనుచూపు మేర బోడినేల. మహా అయితే సర్కారు తుమ్మ పొదలు. అవి బండి బరువును ఆపలేవు. పైగా అక్కడి నేల మోసం చేస్తుంది. పైన పెచ్చు ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది, బెత్తెడు కిందే ఒండ్రు ఇంకా పచ్చిగా ఉంటుంది. ముందు చక్రం పెచ్చు పగలగొట్టిన క్షణంలో యాక్సిలరేటర్ తొక్కడం ఆపేస్తే బండి దాదాపు అక్కడే నిలుస్తుంది. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే ఛాసిస్ నేలకు ఆనుతుంది. ఆ తర్వాత పనికొచ్చేవి ఒక పార, చక్రం కింద పట్టు కోసం పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, టైర్లలో గాలి తగ్గించడం. ఇవన్నీ కలిపినా వించ్ ఖరీదులో చిన్న భాగం.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర ఏ ఊరి పొలిమేరలో ఇరుక్కున్నా ఫోన్ చేస్తే ట్రాక్టర్ వస్తుంది. బండి చెడేది ట్రాక్టర్ వచ్చాకే. వాళ్లు తెచ్చిన గొలుసును చేతికందిన రాడ్డుకో, లారీలో బండిని కట్టడానికి ఇచ్చిన సన్న హుక్కుకో తగిలించి ఒక్క జెర్కు ఇస్తారు. ఆ హుక్కు ఊడి తుపాకీ గుండులా వస్తుంది. అందుకే మీ బండికి ముందు, వెనక అసలైన రికవరీ పాయింట్లు, అంటే ఇరుక్కున్న బండిని లాగడానికి ఛాసిస్‌కు ఉండే గట్టి కొక్కేలు, ఎక్కడున్నాయో తెలుసుకోండి. లేకపోతే ఛాసిస్‌కు వేయించండి. 4.75 టన్నుల రేటింగ్ ఉన్న బో షాకిళ్లు (పట్టీని కొక్కేనికి కలిపే ఇనుప కొండీలు) రెండు, సాగని లాగుడు పట్టీ ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి. సాగని పట్టీతో మెల్లగా లాగాలి. జెర్కు ఇచ్చి లాగాలంటే సాగే కైనెటిక్ రోప్ వేరే ఉంటుంది. లాగేటప్పుడు తాడు మీద దుప్పటి వేసి, మనుషులను దూరం జరపండి.

ఇవన్నీ అయ్యాక కూడా వించ్ కావాలనిపిస్తే, బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది చూసుకోండి. 2,500 కిలోల బండికి 3,750 కిలోలు కావాలి. మార్కెట్లో 9,500 పౌండ్లని రాసి ఉండేది సుమారు 4,300 కిలోలు. ఆ రేటింగ్ కూడా డ్రమ్ము మీద తాడు అడుగు వరస మాత్రమే మిగిలినప్పటిది. తాడు చుట్టుకునేకొద్దీ బలం తగ్గుతుంది.

అపోహ: నల్లరేగడిలో పోవాలంటే మడ్ టెరైన్ టైర్లే (బురద కోసం వెడల్పు గాట్లతో చేసినవి) దిక్కు.

వాస్తవం: వాన పడ్డ రేగడిలో ఏ టైరైనా ఒకటే. రెండు తిప్పుల్లో గాట్లన్నీ మట్టితో నిండి, మీద నున్నటి ముద్ద తయారవుతుంది. మడ్ టైర్ గాట్లు వెడల్పు కాబట్టి వేగంగా తిప్పితే కొంత మట్టి విసిరేస్తుంది కానీ, మన రేగడి జిగట అంత తేలిగ్గా వదలదు. ఒక పూట ఆగి, నేల ఆరాక పోవడమే దారి. ఎర్ర చల్క నేల అయితే నీళ్లు ఇంకిపోతాయి, మామూలు టైర్లు కూడా నడుస్తాయి. ఇంతకీ మీరు వెళ్లే దారిలో తొంభై శాతం హైవేనే. ఆ తారు మీద మడ్ టైర్లు మోత మోగిస్తాయి, తడి రోడ్డు మీద బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. ఈ ప్రాంతానికి తారు మీదా మట్టి మీదా నడిచే ఆల్ టెరైన్ టైర్లు చాలు.

నిజానికి కొత్త టైర్ల కంటే ముందు కొనాల్సింది గాలి కొట్టే కంప్రెసర్, ఒక మంచి గేజు. 32 పీఎస్‌ఐ ఉన్న టైరును 18-20కి దింపితే అది నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, ఇసుకలో, ఒండ్రులో పట్టు మారిపోతుంది. అలా దింపినప్పుడు నిదానంగా పోవాలి, మలుపుల్లో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. తారు రోడ్డు ఎక్కేముందు తిరిగి గాలి నింపాలి. నింపే దారి లేక గాలి దించని వాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు. కంప్రెసర్‌ను సిగరెట్ సాకెట్లో పెట్టకండి. ఆ ఫ్యూజు సాధారణంగా 10-15 ఆంపియర్లే, పెద్ద కంప్రెసర్‌కు ఎగిరిపోతుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో పెట్టుకునేది కొనండి. పక్కన ఒక ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్. గట్ల మీద కొట్టేసిన సర్కారు తుమ్మ కంపలో ముల్లు గుచ్చుకుంటే వెంటనే పీకొద్దు, కిట్ చేతిలో పెట్టుకున్నాకే పీకండి. సైడ్‌వాల్‌లో గుచ్చుకుంటే మాత్రం ప్లగ్గు ఆగదు, స్టెప్నీయే గతి. ఆ స్టెప్నీ వయసు చూశారా? పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

అపోహ: బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేస్తే రాళ్లు తగలవు.

వాస్తవం: లేచేది బాడీ. వెనక యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే మీటరు 100 చూపించినప్పుడు మీరు 105లో పోతుంటారు. రాచకొండ రాళ్ల మధ్యకు చక్రం ఏ రాయి మీద పెట్టాలో దిగి చూసి చెప్పే మనిషిని తీసుకుపోండి.

అపోహ: పైన క్యారియర్ ఉంది కదా, ఎంతైనా ఎక్కించొచ్చు.

వాస్తవం: ఈ ఒక్క లెక్క వేసుకుంటే సగం కోరికలు అక్కడే ఆగుతాయి. మారుతి జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, అన్నీ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు 1,545. మిగిలేది 345. మనిషికి 70 చొప్పున నలుగురికి 280 పోతే చేతిలో ఉన్నది 65 కిలోలు. టాపు మీద బిగించే రూఫ్ టెంటు ఒక్కటే 50-60 ఉంటుంది. ఇంకా నీళ్లు, స్టవ్, బట్టలు, పనిముట్లు ఎక్కాలి. అందుకే ఇద్దరు పోయే జిమ్నీకి, నలుగురు పోయే జిమ్నీకి నేను ఒకే సామాను చెప్పను. టాపు మీద ఎంత మోయొచ్చో ఓనర్ మాన్యువల్‌లో వేరేగా ఉంటుంది, అది బండి నడుస్తున్నప్పటి లెక్క. నిలబెట్టి పడుకున్నప్పుడు ఎక్కువ మోస్తుంది. దేవరకొండ దగ్గర ఒక రాత్రి పడుకోవడానికి నేల మీద వేసే టెంటు చాలదా అని అడిగితే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.

అపోహ: ఫ్రిజ్ పెట్టాలంటే రెండో బ్యాటరీ పెడితే చాలు.

వాస్తవం: బండి కరెంటు పని నాది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 4-5 ఆంపియర్లు లాగుతుంది. చల్లటి ఊళ్లో అది గంటలో మూడోవంతు నడిస్తే చాలు. మే నెల నల్లగొండలో, 44 డిగ్రీల ఎండలో అద్దాలు మూసిన బండిలో సగం సేపైనా నడుస్తుంది. రోజుకు 50 ఆంపియర్ అవర్లు దాటుతుందన్నమాట. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో పాడుకాకుండా వాడుకోగలిగేది సగమే. ఒక్క రోజు ఆగితే మరుసటి పొద్దునకు ఖాళీ. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 80-90 శాతం వాడొచ్చు. కానీ సున్నా డిగ్రీల కన్నా చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు, లడాఖ్ పోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) వోల్టేజీ తనకు తానే తగ్గించుకుంటుంది. అందుకే మధ్యలో ఆ వోల్టేజీని సరిచేసి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ లేకపోతే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

అన్నిటికన్నా ఎక్కువగా నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు "ఫ్రిజ్ మధ్యరాత్రి బంద్ అయితాంది". మూత తీసి చూస్తే 1 స్క్వేర్ ఎంఎం వైరు ఇంజిన్ నుంచి డిక్కీ దాకా లాగి ఉంటుంది. నాలుగు మీటర్ల దూరానికి, పోను రాను కలిపి ఎనిమిది మీటర్ల రాగిలో 5 ఆంపియర్లకు 0.7 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ 12.2 చూపిస్తుంటే ఫ్రిజ్‌కు అందేది 11.5. అది బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 4 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే ఆ నష్టం 0.2 లోపే. కాబట్టి రెండో బ్యాటరీ కంటే ముందు వైరు మార్చండి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టించండి. ఫ్యూజు దూరంగా పెడితే ఆ మధ్య వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయినప్పుడు బండి కాలుతుంది. ఒక కిలో పౌడర్ అగ్నిమాపక డబ్బా డ్రైవర్ చేతికందేలా ఉండాలి, డిక్కీలో సామాన్ల కింద కాదు.

అపోహ: స్నోర్కెల్ ఉంటే వాగు దాటొచ్చు.

వాస్తవం: అది ఇంజిన్‌కు గాలి పైనుంచి తెస్తుంది, అంతే. ఆల్టర్నేటర్, కనెక్టర్లు, డిఫరెన్షియల్ గాలిగొట్టాలు కిందే ఉంటాయి. కొత్త థార్‌కు కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, అదీ నిలిచిన నీటిలో. పారే నీళ్లు 60 సెంటీమీటర్లుంటే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోగలవు. చెరువు మత్తడి దుంకుతుంటే కాజ్‌వే ఇవతలే ఆగండి. దుమ్ము దారుల్లో గుంపుగా పోయేవాళ్లకు మాత్రం స్నోర్కెల్ పనికొస్తుంది.

అపోహ: లైట్ బార్ (వరసగా లైట్లున్న పట్టీ), బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం) లేకపోతే అది ఓవర్‌ల్యాండింగ్ బండే కాదు.

వాస్తవం: బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకూ అవి అడ్డు. లైట్ బార్ సంగతికొస్తే, శ్రీశైలం అడవి దారిలో కావాలంటారు. ఆ దారిలో మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది, ఇక ఆ లైట్ వేసేదెప్పుడు?

అపోహ: అదనపు డీజిల్ మోసే జెర్రీ క్యాన్ తప్పనిసరి.

వాస్తవం: మనాలి-లేహ్ దారిలో టాండి పంపు దగ్గర "తర్వాతి పంపు 365 కిలోమీటర్లు" అని బోర్డు పెట్టిన చోట, అవును. హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఎందుకు?

అపోహ: ఫిల్టర్ సీసా ఉంటే ఏ బోరు నీళ్లైనా తాగొచ్చు.

వాస్తవం: ఇది వేరే జిల్లావాళ్లు చెప్తే సరే, మనం చెప్పకూడదు. ఆ సీసాలు క్రిముల్ని పడతాయి, మన బోరు నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్‌ను పట్టవు. మరిగిస్తే అది పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. దాన్ని తీయడానికి ఆర్‌ఓ కావాలి, లేదా పటిక, సున్నంతో చేసే నల్లగొండ టెక్నిక్ కావాలి. అది క్యాంపులో జరిగే పని కాదు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు ఇంట్లోనే నింపుకుని బయల్దేరండి. ఆ 40 కిలోలు కూడా బరువు లెక్కలో వేసుకోండి.