దొంగ గడియారం పెట్టినా టెస్ట్ ఎందుకు కదలదు

మొన్న శుక్రవారం సాయంత్రం బెల్లందూరు ఆఫీసులో క్యాబ్ బుక్ చేద్దామని లేస్తుంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన నరసరావుపేట అబ్బాయి లాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. "అక్కా, ఫేక్ టైమర్లు పెట్టాను, ఏడు సెకన్లు ముందుకి జరిపాను, అయినా 5000 మిల్లీసెకన్లు దాటిందని టెస్ట్ ఫెయిల్ అవుతోంది, ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు" అన్నాడు. ఫేక్ టైమర్లంటే టెస్ట్‌లో అసలు గడియారం బదులు పెట్టే దొంగ గడియారం, దాన్ని మనమే ముందుకి జరపొచ్చు. చూస్తే జావాస్క్రిప్ట్‌లో రాసిన మామూలు రీట్రై ఫంక్షన్, జెస్ట్ అనే టెస్ట్ టూల్‌లో నడుస్తోంది. పేమెంట్ స్టేటస్ అడుగుతుంది, రాకపోతే ఒక సెకను ఆగి మళ్ళీ అడుగుతుంది, తర్వాత రెండు సెకన్లు, తర్వాత నాలుగు. టెస్ట్ కూడా ఎవరైనా అలాగే రాస్తారు. ఇదే ప్రశ్న ఇంతకుముందు కూడా కొందరు అడిగారు, ప్రతిసారీ "మధ్యలో ఒక అవెయిట్ (పని అయ్యేదాకా ఆగమనే మాట) పెట్టు, పోతుంది" అని చెప్పి పంపించేశాను. కారణం చెప్పకపోతే వాళ్ళు ఇంకోచోట మళ్ళీ ఇక్కడే ఇరుక్కుంటారు, అందుకే ఈసారి మొదట్నించీ రాస్తున్నా. ఇది ఆ పిల్లాడి తప్పు కాదు. ఈ ఫేక్ టైమర్లు పుట్టినప్పటి కోడ్ వేరు, ఇప్పుడు మనం రాసే కోడ్ వేరు, ఆ రెంటి మధ్య పడ్డ ఖాళీ ఇది.

టెస్ట్ కోసం టైమ్‌ని మార్చడం కొత్తేం కాదు. మన ఇళ్ళల్లో వైటూకే టైమ్‌లో అమెరికా వెళ్ళిన మావయ్యో బాబాయో ఉంటే అడగండి, సిస్టమ్ తేదీని 2000 జనవరి 1కి జరిపి ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చూడటం అప్పుడు రోజువారీ పని. కాకపోతే మెషీన్ గడియారం మొత్తం జరిపితే పక్కనున్న ప్రోగ్రాములకి కూడా అదే తేదీ కనిపిస్తుంది, గడువున్న లైసెన్సులు కూడా అయిపోయాయంటాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1960ల్లో ఓస్లోలో ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది సిమ్యులేషన్ కోసమే. ఆ రకం సిమ్యులేషన్‌లో గడియారం టిక్ టిక్‌మని నడవదు, తర్వాతి సంఘటన ఏ టైమ్‌కి ఉందో చూసుకొని నేరుగా అక్కడికి దూకుతుంది. ఫేక్ టైమర్ల లోపల ఇప్పటికీ జరిగేది సరిగ్గా ఇదే.

జావాస్క్రిప్ట్ దగ్గరికొస్తే, 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఆ భాష చేశాక చాలా ఏళ్ళు "కాసేపాగి చెయ్యి" అనడానికి మన చేతిలో ఉన్నది సెట్‌టైమౌట్ (ఇంతసేపయ్యాక ఒకసారి), సెట్‌ఇంటర్వల్ (ఇంతసేపటికోసారి) మాత్రమే. వాటిని టెస్ట్ చెయ్యాలంటే నిజంగానే ఆగేవాళ్ళు, రెండు సెకన్ల టైమర్ ఉంటే టెస్ట్‌లో మూడు సెకన్లు స్లీప్, సర్వర్ నెమ్మదిగా ఉన్నరోజు ఆ మూడూ చాలక ఫెయిల్. దీని నష్టం మాటల్లో చెప్తే తక్కువగా అనిపిస్తుంది గానీ లెక్కలున్నాయి. 2014లో 51 అపాచీ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టుల్ని (కోడ్ మారకపోయినా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేవాటిని) సరిచేసిన కమిట్లు, అంటే కోడ్ మార్పులు, చదివిన పరిశోధకులకి, కారణం తేల్చగలిగిన వాటిలో దాదాపు 45 శాతం అసింక్ (వెంటనే కాక తర్వాతెప్పుడో పూర్తయ్యే) పనికోసం సరిగ్గా ఆగకపోవడం వల్లేనని తేలింది. మిగతా ఏ కారణమూ దాని దరిదాపుల్లో లేదు. 2016లో గూగుల్ తన టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఫ్లేకీ గుణం ఉందని చెప్పింది. స్లీప్ పెట్టి రాసిన టెస్ట్ రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపేది ఇందుకే.

ఈ బాధలోంచే దొంగ గడియారం వచ్చింది. జేఎస్‌యూనిట్ అనే పాత లైబ్రరీలో సెట్‌టైమౌట్‌ని మాక్ చేసే, అంటే దాని బదులు నకిలీది పెట్టే, చిన్న ఫైల్ ఉండేది. 2010లో క్రిస్టియన్ యోహాన్సెన్ మొదలుపెట్టిన సైనాన్ అనే టెస్ట్ లైబ్రరీలో ఫేక్ టైమర్లకి స్ఫూర్తి అదేనని వాళ్ళ సోర్స్ కోడ్‌లోనే రాసుకున్నారు. జాస్మిన్ అనే టెస్ట్ టూల్‌లోనూ ఇలాంటి క్లాక్ వచ్చింది. పద్ధతి ఎంత తేలికో చూడండి: "ఇప్పుడు" అనే ఒక అంకె, పక్కన టైమర్ల జాబితా. అసలు సెట్‌టైమౌట్ స్థానంలో మనది పెడతాం, అది కాల్‌బ్యాక్‌ని (టైమ్ అయ్యాక పిలవాల్సిన ఫంక్షన్‌ని) జాబితాలో రాసుకొని ఊరుకుంటుంది. మనం టిక్ అని వెయ్యి ఇస్తే అంకెని వెయ్యి పెంచి, ఆలోపు గడువు తీరినవాటిని వరసగా పిలుస్తుంది. టిక్ తిరిగొచ్చేసరికి అన్ని కాల్‌బ్యాక్‌లూ అయిపోయి ఉంటాయి, తర్వాతి లైన్లో చెక్ చేసుకోవడమే. అసింక్ అంటే టైమరే అనుకున్న రోజుల్లో దీనికి లోటే లేదు.

2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో ప్రామిస్‌లు (ఫలితం తర్వాత ఇస్తానని చెప్పే వస్తువులు) భాషలోకి వచ్చాయి, 2017లో అసింక్ అవెయిట్ వచ్చింది, అప్పటినుంచీ ఇబ్బంది. ప్రామిస్ తర్వాత జరగాల్సిన పని టైమర్ల జాబితాలోకి రాదు, దానికి మైక్రోటాస్కులని వేరే వరస ఉంది, ఇప్పుడు నడుస్తున్న కోడ్ పూర్తిగా అయిపోతే తప్ప ఆ వరస కదలదు. పెళ్ళి భోజనాల్లో ఒక బంతి లేస్తే గానీ రెండో బంతి కూర్చోలేదు కదా, అలా. మా వాడి టెస్ట్‌ని ఇలా చూడండి. రీట్రైని పిలిచాడు, మాక్ కాల్ ఫెయిలైంది, కానీ ఆ ఫెయిల్‌ని పట్టుకొని "ఒక సెకను ఆగు" అని టైమర్ పెట్టాల్సిన లైన్ రెండో బంతిలో ఉంది. ఈలోపు మొదటి బంతిలోనే ఉన్న మనవాడు గడియారాన్ని ఏడు సెకన్లు జరిపేశాడు, జాబితాలో అప్పటికి ఒక్క టైమరూ లేదు, కాబట్టి ఏమీ జరగలేదు. ఆ తర్వాత అవెయిట్ చేస్తే అప్పుడు తీరిగ్గా టైమర్ వచ్చి కూర్చుంది, ఇక గడియారం జరిపేవాళ్ళెవరూ లేరు. జెస్ట్ తన అసలు గడియారంలో ఐదు సెకన్లు చూసి టెస్ట్‌ని ఫెయిల్ చేసింది.

దీనికి అందరం చేసిన చిట్కా వైద్యం ఒకటుంది, జరిపే ముందు ఖాళీ ప్రామిస్‌ని అవెయిట్ చెయ్యడం. ఒకటి చాలకపోతే రెండు, రెండు చాలకపోతే నాలుగు. లోపల ఎన్ని అవెయిట్‌లుంటే బయట అన్ని కావాలి, రేపెవరో ఫంక్షన్లో ఇంకో అవెయిట్ చేరిస్తే టెస్ట్ మళ్ళీ ఆగిపోతుంది. కోడ్ లోపలి కీళ్ళు లెక్కపెట్టి రాసే టెస్ట్ అది, నాకు అస్సలు నచ్చదు.

ఈ మధ్యలో జెస్ట్ కథ ఇంకొంచెం గందరగోళం చేసింది. ఫేస్‌బుక్ 2014లో దాన్ని ఓపెన్ సోర్స్ చేసింది, అందులో సొంత ఫేక్ టైమర్లుండేవి, అవి తేదీని ముట్టుకునేవి కావు. టైమర్ గంట ముందుకెళ్ళేది, ఇప్పటి టైమ్ చెప్పే డేట్ నౌ మాత్రం అక్కడే ఉండేది. సైనాన్ వాళ్ళు తమ గడియారాన్ని లోలెక్స్ అని వేరే ప్యాకేజీ చేసి తర్వాత ఫేక్ టైమర్స్ అని పేరు మార్చారు, 2020లో జెస్ట్ 26 దాన్నే మోడర్న్ పేరుతో తెచ్చుకుంది, 2021లో జెస్ట్ 27లో అదే డిఫాల్ట్ అయింది. తేదీ సమస్య తీరింది గానీ నోడ్‌లోని (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్‌లోని) నెక్స్ట్‌టిక్ లాంటివి, అంటే ఇప్పటి కోడ్ అవ్వగానే చెయ్యమని చెప్పేవి, కూడా నకిలీ అయిపోయి, వాటిమీద ఆధారపడ్డ లైబ్రరీలు టెస్టుల్లో కదలకుండా ఆగిపోయేవి. వైటెస్ట్ అనే ఇంకో టెస్ట్ టూల్ లోపల ఉన్నదీ ఇదే గడియారం, కాకపోతే అది నెక్స్ట్‌టిక్ జోలికి తనంతట తాను వెళ్ళదు. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

అసలు మందు టిక్‌నే అసింక్ చెయ్యడం. ఒక్కో టైమర్ పిలిచే ముందు ఆగి రెండో బంతికి చోటిస్తుంది, వాళ్ళు కొత్త టైమర్లు పెట్టుకుంటే వాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. సైనాన్‌లో ఇది ముందే ఉంది, జెస్ట్‌లో మాత్రం 29.5 దాకా ఆగాల్సొచ్చింది. చాలా టీముల్లో ఇంకా పాత పద్ధతే కనిపించడానికి ఈ ఆలస్యం ఒక కారణం.

వేరే భాషల వాళ్ళు వేరే దారిలో వెళ్ళారు. జావా 8లో, 2014లో, క్లాక్ అనే క్లాస్ వచ్చింది, గడియారాన్ని బయటినుంచి చేతికివ్వడమే, దొంగతనంగా మార్చే అవసరమే లేదు. డాట్‌నెట్ 8లో టైమ్ ప్రొవైడర్ కూడా అంతే. కొత్తగా రాసే కోడ్ అయితే నేను ఈ దారే ఎంచుకుంటాను. గో భాష వాళ్ళది ఇంకా నచ్చింది, 2025లో 1.25తో స్థిరపడిన సింక్‌టెస్ట్‌లో టెస్ట్ ఒక బుడగలో నడుస్తుంది, లోపలి గోరొటీన్లన్నీ (పక్కపక్కనే నడిచే పనులన్నీ) ఆగిపోయి ఎదురుచూస్తున్నాయని తేలితేనే గడియారం ముందుకి దూకుతుంది. ఎవరు ఇంకా పనిలో ఉన్నారో రన్‌టైమ్‌కే తెలుసు కాబట్టి మనం బంతులు లెక్కపెట్టక్కర్లేదు.

మా వాడి టెస్ట్‌లో ఆ రోజు మార్చింది మూడు లైన్లు. అసింక్ రకంతో ఏడు సెకన్లు జరిపాం. చివరి రీట్రై కూడా ఫెయిలయ్యే కేసులో, ప్రామిస్ రిజెక్ట్ (ఫెయిల్) అవుతుందనే ఎక్స్‌పెక్ట్‌ని, అంటే ఆ చెక్‌ని, గడియారం జరపకముందే ప్రామిస్‌కి తగిలించాం, లేకపోతే జరుపుతుండగానే రిజెక్ట్ అయిపోయి పట్టుకునేవాళ్ళు లేక నోడ్ గోల చేస్తుంది. ప్రతి టెస్ట్ తర్వాత నడిచే ఆఫ్టర్‌ఈచ్‌లో అసలు టైమర్లని వెనక్కి పెట్టాం. టెస్ట్ రెప్పపాటులో పాసయింది. "మరి మన రెపోలో ఖాళీ ప్రామిస్ అవెయిట్‌లు చాలా ఉన్నాయి కదక్కా" అన్నాడు. వాటిలో సగం నేను రాసినవే, సోమవారం ఇద్దరం కూర్చుని మొదలుపెడుతున్నాం.