రూబే రాళ్ల మీద ఇరవై రెండేళ్ల కుర్రాడు

సైకిల్ పందేల్లో ఈమధ్య కుర్రాళ్లదే రాజ్యం. 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచినప్పుడు ఈగన్ బెర్నల్ వయసు 22. మరుసటి ఏడాది తాడె పొగాచర్ అదే పందెం గెలిచింది తన 22వ పుట్టినరోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నమాట. మరి ఫ్రాన్స్‌లోనే జరిగే, ఒక్క పూటలో ముగిసిపోయే పారిస్-రూబే పందెం సంగతేమిటి? అక్కడ 2016లో గెలిచిన మాథ్యూ హేమన్‌కు 37 ఏళ్లు. 1993లో గెలిచిన డ్యుక్లో-లాసాల్‌కు 38. మూడు వారాల కొండల పందెంలో దొరికే గెలుపు, చెప్పుకోదగ్గ కొండ ఒక్కటీ లేని ఈ పందెంలో కుర్రాళ్లకు ఎందుకు దొరకదు?

పేరులో పారిస్ ఉన్నా ఇప్పుడు పందెం మొదలయ్యేది కాంపియేన్ ఊళ్లో. బెల్జియం సరిహద్దు పక్కనున్న రూబే దాకా దాదాపు 260 కిలోమీటర్లు. అందులో 55 కిలోమీటర్లు పాతకాలపు రాళ్లు పరిచిన పొలం దారులు. అన్నిటిలోకీ భయపెట్టేది అరెన్‌బర్గ్ అడవి దారి, రెండు కిలోమీటర్ల పైచిలుకు. 1968లో దాన్ని పందెంలోకి తెప్పించిన జాన్ స్టాబ్లిన్‌స్కీ కూడా రైడరే. ఒకప్పుడు అదే నేల కింద గనిలో పనిచేశాడు.

ఆ దారి ఏం చేస్తుందో చిన్న లెక్కలో చూద్దాం. గంటకు 45 కిలోమీటర్లంటే సెకనుకు 12.5 మీటర్లు. రాయి వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, చక్రం కింద సెకనుకు 80కి పైగా రాళ్లు దొర్లిపోతాయి. రాయి ఎత్తుగా ఉన్నప్పుడల్లా సైకిల్, దానితో పాటు మనిషి ఎగిరిపడతారు. ముందుకు పోవాల్సిన శక్తి కొంత కండల్ని కుదపడానికి ఖర్చయి, వేడిగా మారిపోతుంది. అందుకే వెడల్పు టైర్లు వచ్చాయి. ఒకప్పటి 25 మిల్లీమీటర్ల టైర్ల చోట ఇప్పుడు 30కి పైబడినవి వేసి, గాలి బాగా తగ్గిస్తున్నారు. మెత్తటి టైరు రాయి చుట్టూ వంగుతుంది కాబట్టి మనిషి ఎగరడు. అయితే మంచి టైర్లు అన్ని జట్లకూ ఉన్నాయి. వయసు లెక్క వాటితో తేలదు.

బరువు దగ్గర కొంత తేలుతుంది. తొక్కే బలాన్ని వాట్లలో కొలుస్తారు. 62 కిలోల మనిషి 330 వాట్లు తొక్కితే కిలోకు 5.3 వాట్లు. 80 కిలోల మనిషి 400 తొక్కితే కిలోకు 5. కొండ మీద బక్కవాడిదే పైచేయి. చదును నేల మీద పోరాటం గాలితో. బరువు పెరిగినంతగా గాలి నిరోధం పెరగదు, కాబట్టి అక్కడ మొత్తం వాట్లే లెక్క, బరువైనవాడు లాగేస్తాడు. కొండల పందేల్లో మెరిసిన బక్కపలచటి కుర్రాణ్ణి చూసి రూబే మీద ఆశలు పెంచుకోవడం నా దృష్టిలో తొందరపాటే.

ఇంకా పెద్ద చిక్కు అయిదో గంటలో ఎదురవుతుంది. ఊపిరితిత్తుల, గుండె సత్తా ఇరవైల మొదట్లోనే దాదాపు శిఖరానికి చేరుతుంది. ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు కుర్రాడు పెద్దవాళ్లకు పెద్దగా తీసిపోడు. కొన్ని వేల కిలోజౌళ్ల పని చేసి అలిసిపోయాక, తాజాగా ఉన్నప్పటి జోరుతోనే మళ్లీ అయిదు నిమిషాలు తొక్కగలడా? పరిశోధకులు డ్యూరబిలిటీ అంటున్నది దీన్నే. ఏళ్ల తరబడి తొక్కిన కిలోమీటర్లతో తప్ప అది రాదు. గంటకు 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం తాగుతూ తింటూ పోవడం కూడా కడుపుకు అలవాటు కావాలి.

చేతులది మరో కథ. కొత్తవాడు భయంతో హ్యాండిల్‌ను గట్టిగా బిగిస్తాడు. కుదుపంతా మోచేతుల మీదుగా భుజాలకెక్కుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఆరితేరినవాడు పిట్టను పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుని, పెద్ద గేరు వేసి, సీటు మీద భారం తగ్గించుకుంటాడు. ఏ మలుపు ఎటు తిరుగుతుందో, రాళ్లు మొదలయ్యే చోటికి ఎన్నో స్థానంలో చేరాలో అతనికి కంఠతా ఉంటుంది. వెనకబడితే ముందువాడు పడ్డప్పుడు దారి మూసుకుపోతుంది. పొగాచర్ అంతటివాడే 2025లో మొదటిసారి వచ్చి, 38 కిలోమీటర్లు మిగిలుండగా ఓ కుడి మలుపులో తప్పి అడ్డుగోడల మీదికి పోయాడు. రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

అలాగని తలుపులు మూసేసినట్టు కాదు. 2002లో టామ్ బూనెన్ 21 ఏళ్లకు, మొదటి ప్రయత్నంలోనే మూడోవాడిగా వచ్చాడు. తర్వాత నాలుగుసార్లు గెలిచాడు, అదీ 2005లో మొదలుపెట్టి. నాకు మరీ నచ్చేది ఫ్లోరియాన్ వెర్‌మీర్ష్ ఉదాహరణ. కోవిడ్ వల్ల 2021 పందెం అక్టోబర్‌కు వాయిదా పడింది. 2002 తర్వాత మళ్లీ వాన, బురద. 22 ఏళ్ల ఈ బెల్జియం కుర్రాడు పెద్దవాళ్ల తోపులాటలోకి దిగకుండా మొదట్లోనే బ్రేక్‌అవేలో, అంటే అసలు గుంపును వదిలి ముందుకు దూసుకుపోయే కొద్దిమందితో కలిసి, వెళ్లిపోయాడు. స్థానం కోసం కొట్లాటే లేదు, దారంతా ఖాళీ. వెనకనుంచి దిగ్గజాలు వచ్చి కలిసేసరికి ఇంకా ఓపిక మిగుల్చుకున్నాడు. చివరికి పందెం ముగిసే రూబే వెలోడ్రోమ్‌లోకి, అంటే సైకిల్ పందేల మైదానంలోకి, ముగ్గురు వచ్చారు: అతనూ, సోనీ కోల్‌బ్రెల్లీ, మాథ్యూ వాన్ డెర్ పూల్. ముగ్గురికీ అదే తొలి రూబే. బురదలో మొహాలు ఆనవాలు పట్టలేనట్టున్నాయి. స్ప్రింట్ ముందుగా మొదలుపెట్టింది కుర్రాడే. చివరి కొద్ది మీటర్లలో 31 ఏళ్ల కోల్‌బ్రెల్లీ పక్కనుంచి దాటేశాడు.