స్క్రూబాల్ కామెడీ: ఇంటిల్లిపాదీ తిక్కవాళ్ళైతే సరిపోదు

కామెడీ సీన్లు రాసి బతుకుతున్నవాణ్ణి. "అన్నా, పాత హాలీవుడ్ టైపులో డబ్బున్న తిక్క కుటుంబం ఒకటి పెడదాం" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, వాళ్ళ కోసం ఇది. స్క్రూబాల్ అంటే 1930లు, 40ల నాటి హాలీవుడ్‌లో తిక్క మనుషులతో, గడగడా సాగే మాటలతో నడిచిన కామెడీ.

అపోహ: 1930ల ఆర్థిక మాంద్యంలో పనుల్లేని జనానికి బంగళాలు చూపించి మరిపించిన సినిమాలివి.

వాస్తవం: 1936లో వచ్చిన 'మై మ్యాన్ గాడ్‌ఫ్రే' మొదలయ్యేది న్యూయార్క్‌లో, ఈస్ట్ రివర్ ఒడ్డున, ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు తలదాచుకున్న చెత్తకుప్ప దగ్గర. కలవాళ్ళు పార్టీలో ఎవరికీ అక్కర్లేని వస్తువులు వెతికి తెచ్చే ఆట ఆడుతుంటారు, ఆ జాబితాలో 'అందరూ మరిచిపోయిన మనిషి' కూడా ఒక ఐటెం! ఆ ఆట ఆడే ఒక డబ్బున్న ఇంటి అక్కాచెల్లెళ్ళు ఆ చెత్తకుప్ప దగ్గరికొచ్చి గాడ్‌ఫ్రే అనేవాణ్ణి పట్టుకుంటారు. అక్క ఐదు డాలర్లిస్తా రమ్మంటే అతను మీద మీదకు నడుస్తాడు, ఆవిడ వెనక్కి వెనక్కి వెళ్ళి బూడిదకుప్పలో పడుతుంది. చెల్లెలేమో అతన్ని తీసుకెళ్ళి తమ ఇంట్లో బట్లర్‌ని, అంటే ఇంటి నౌకరుని చేస్తుంది. నవ్వంతా ఆ ఇంటివాళ్ళ మీదే. చివరికి గాడ్‌ఫ్రే కూడా బోస్టన్ కలవారి బిడ్డేనని తేల్చారు చూడండి, అక్కడ మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అపోహ: తిక్కవాళ్ళు ఎంతమందుంటే అంత నవ్వు.

వాస్తవం: ఇదే రకం సినిమా 'బ్రింగింగ్ అప్ బేబీ' (1938) విడుదలైనప్పుడు నష్టపోయింది. అందులో మామూలు మనిషి ఒక్కడూ లేకపోవడమే తన తప్పని దర్శకుడు హోవార్డ్ హాక్సే తర్వాత ఒప్పుకున్నాడు. గాడ్‌ఫ్రేలో తల్లి చేరదీసిన కళాకారుడు గొరిల్లాలా గెంతుతుంటే మనం నవ్వేది, పక్కనే బిల్లులు కట్టే తండ్రి మొహం చూసి. ఆ మొహం తీసేస్తే మిగిలేది గోల.

సెన్సార్ వల్లే ఈ రకం సినిమా పుట్టిందనేది సగం నిజం. హాలీవుడ్‌లో సెన్సార్ నిబంధనలు గట్టిగా అమలైంది 1934 జూలై నుంచి, ఈ రకానికి చెందిన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' ఆ ఏడు ఫిబ్రవరికే వచ్చేసింది.

ఇక అందరూ పొరబడేది డైలాగు దగ్గర. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటమంటే నోటికొచ్చింది వాగడం అనుకుంటారు. 'హిజ్ గర్ల్ ఫ్రైడే' (1940)లో మాట మొదట్లో, చివర్లో వినపడకపోయినా పర్లేని పదాలు కావాలనే రాయించాడు హాక్స్. తెలుగులో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే మన క్రియ చివర్లో వస్తుంది, అవునో కాదో తేలేది అక్కడే. "నేను నిన్న వాళ్ళింటికి వెళ్ళ..." దగ్గర అవతలివాడు అందుకుంటే వెళ్ళాడో లేదో ఎవడికి తెలుసు? అందుకే నేను క్రియ తర్వాత "తెలుసా", "మరి", "అంతే కదా" లాంటివి ఒకటి తగిలిస్తాను, మింగేస్తే అదే పోతుంది.