పది ఊళ్లు పదిహేనింటిని ఓడించే లెక్క

"డీలిమిటేషన్ అంటే సీట్లు పెరగడమే కదా, మరి అంత గొడవెందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. డీలిమిటేషన్ అంటే నియోజకవర్గాల సంఖ్యనూ హద్దులనూ మళ్లీ ఖరారు చేయడం. మన దగ్గర మాటలన్నీ సంఖ్య మీదే. విభజన చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ సీట్లు 225, తెలంగాణలో 119 సీట్లు 153 కావాలి, అవి ఎప్పుడొస్తాయన్నదే చర్చ. నన్ను ఎక్కువగా పట్టేసింది మాత్రం నియోజకవర్గాల మధ్య గీసే హద్దు గీత. ఒక్క సీటు పెరగక్కర్లేదు, ఒక్క ఓటరూ మనసు మార్చుకోనక్కర్లేదు, హద్దు జరిపితే చాలు.

25 ఊళ్లున్నాయి, అన్నింట్లో ఓట్లు సమానం. 15 ఊళ్లు 'క' పార్టీవి, 10 'గ' పార్టీవి. ఊరంతా ఒకే పార్టీకి ఓటేస్తుందనుకోండి. ఐదేసి ఊళ్లతో ఐదు నియోజకవర్గాలు చేయాలి. ప్రతిదాంట్లో మూడు 'క', రెండు 'గ' పెడితే 'క' ఐదుకి ఐదూ ఊడ్చేస్తుంది. ఇప్పుడు పెన్ను 'గ' చేతికివ్వండి. ఒక నియోజకవర్గంలో ఐదు 'క' ఊళ్లనూ కుక్కేస్తుంది. ఇంకోదాంట్లో నాలుగు 'క', ఒకటి 'గ'. మిగిలిన మూడింట్లో మూడు 'గ', రెండు 'క'. పది ఊళ్ల పార్టీకి మూడు సీట్లు, పదిహేను ఊళ్ల పార్టీకి రెండు! గళ్ల కాగితం మీద ఏడో తరగతి పిల్లలు చేయగల లెక్కిది. మన పౌరశాస్త్రం మాత్రం ఈ హద్దులు గీసే కమిషన్‌లో ఎంతమంది సభ్యులో బట్టీ పట్టిస్తుంది.

వృథా అయిన ఓట్లు లెక్కపెడితే గుట్టు బయటపడుతుంది. ఓడినచోట పడినవన్నీ వృథా, గెలవడానికి అవసరమైన మూడుకు మించినవీ వృథా. 'గ' గీసిన మ్యాపులో 'క'కు ఓడిన మూడుచోట్ల ఆరు, గెలిచిన రెండుచోట్ల మూడు, వెరసి తొమ్మిది ఊళ్ల ఓట్లు వృథా. 'గ'కు ఒక్కటే. తేడా 8, మొత్తం 25లో 32 శాతం. అమెరికాలో స్టెఫనోపౌలస్, మెక్‌గీ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు ఇదే లెక్కను కొలమానంగా ప్రతిపాదించారు.

1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఆమోదించిన మ్యాపులో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జీవిలా ఉందని పత్రికలు ఎగతాళి చేశాయి, స్వార్థంతో హద్దులు గీయడానికి జెర్రీమాండరింగ్ అన్న పేరు అలా పుట్టింది. అప్పటినుంచీ అందరూ వంకర ఆకారాన్నే పట్టుకున్నారు, స్థలం మూల తెగితే వాస్తు దోషం అన్నట్టు. చక్కటి చతురస్రాలతోనూ ఇదే మోసం చేయొచ్చు. పైగా నది, కొండ, మండలం హద్దు వల్ల నిజాయితీ మ్యాపు కూడా వంకరపోవచ్చు.

మరి నేరం పట్టేదెలా? నార్త్ కరోలినాలో 2016లో 13 పార్లమెంటు సీట్లకు మ్యాపు గీస్తూ, 11-2 సాధ్యమనుకోవడం లేదు గనుకే 10-3 (తమకు పది, డెమోక్రాట్లకు మూడు) పెడదామన్నాడు రిపబ్లికన్ పార్టీ శాసనసభ్యుడు డేవిడ్ లూయిస్, బాహాటంగానే. ఓట్లలో సుమారు 53 శాతంతో ఆ పార్టీకి పది సీట్లు వచ్చాయి. డ్యూక్ విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు జోనాథన్ మాటింగ్లీ బృందం కంప్యూటర్‌తో 24 వేలకు పైగా మ్యాపులు గీయించింది. హద్దు మీదున్న ఒక చిన్న పోలింగ్ ప్రాంతాన్ని పక్క నియోజకవర్గంలోకి మార్చడం, జనాభా సమంగా ఉందా, భూభాగం తెగకుండా ఉందా అని చూడడం, మళ్లీ ఇంకోటి మార్చడం. మార్కోవ్ గొలుసు అంటారు దీన్ని. పార్టీ ఏదో తెలియని ఆ మ్యాపుల మీద అవే ఓట్లు పోస్తే, నూటికి ఒక మ్యాపులో కూడా 10-3 రాలేదు. అయినా 2019లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, పార్టీ స్వార్థంతో గీసిన గీతలు ఫెడరల్ కోర్టులు తేల్చే విషయం కాదంది.

మన దేశంలో గీసేది శాసనసభ కాదు, డీలిమిటేషన్ కమిషన్. అది పెద్ద తేడానే. కానీ దాని తుది ఉత్తర్వును కోర్టులో సవాలు చేయకూడదని చట్టం. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పే దశలోనే ఎవరో లెక్కవేసి చూడాలి. బూత్‌ల వారీ ఓట్లు ఎన్నికల సంఘం ఫారం 20లో దొరుకుతాయి.