నడుములో ఒక త్రాసు, డబ్బాలో ఒక త్రాసు

చిత్తూరు నుంచి ఒక యువకుడు రాసిన ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. జిమ్‌లో చేరిన మూడో వారంలో, 40 కిలోల బార్‌ను నేల మీద నుంచి ఎత్తబోయి ఆయన నడుము పట్టేసింది. అక్కడి బెల్లం మండీలో హమాలీగా పనిచేసిన తాతగారు మాత్రం 50 కిలోల బస్తాలను ఏళ్ల తరబడి మోసినా ఏనాడూ నడుము పట్టుకుని కూర్చోలేదట. మరి తన ఒంట్లో ప్రొటీన్ తక్కువైందా, అయితే ఏ ప్రొటీన్ పొడి డబ్బాను నమ్మాలి అని ఆయన అడుగుతున్నారు. శిక్షకుడు ఇప్పటికే ఒక డబ్బా అంటగట్టినట్లు కూడా రాశారు.

తాతకూ మనవడికీ ఉన్న తేడాను నేను బలంలో కన్నా దూరంలో వెతుకుతాను. తిరుమలలో తులాభారం చూసినవారికి ఈ సంగతి చెప్పడం తేలిక. ఒక తట్టలో బిడ్డ, మరో తట్టలో బెల్లమో బియ్యమో నాణేలో ఉంటాయి. దండం సరిగ్గా మధ్యలో వేలాడుతుంది కనుక బిడ్డ 12 కిలోలైతే బెల్లమూ 12 కిలోలే. ఇప్పుడు ఆ ఆధారాన్ని ఒక పక్కకు జరిపి, దండంలో ఒక వైపు 5 సెంటీమీటర్లు, రెండో వైపు 40 సెంటీమీటర్లు ఉండేలా కట్టారనుకోండి. పొడుగు వైపున అదే బిడ్డను కూర్చోబెడితే పొట్టి వైపున 96 కిలోల బెల్లం పేర్చవలసి వస్తుంది.

ముందుకు వంగిన మనిషి నడుము ఇలాంటి త్రాసే. వెన్నెముక అడుగున, కటి ఎముకకు కాస్త పైన ఉన్న కీలు దాని ఆధారం. వెన్నును నిలబెట్టే కండరాలు ఆ కీలుకు వెనక దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. చేతుల్లోని బరువు ముందు వేలాడుతుంది. 40 కిలోల బార్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కండరాలు 320 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. ఇంతటితో అయిపోలేదు. వంగినప్పుడు తల, చేతులు, మొండెం కూడా పొడుగు వైపునే చేరతాయి: అవి 40 కిలోలు, వాటి గురుత్వకేంద్రం 25 సెంటీమీటర్ల దూరంలో అనుకుంటే, వాటికోసం మరో 200 కిలోలు. కోణాల సంగతి పక్కన పెట్టి స్థూలంగా లెక్కిస్తే, ఈ 520 కిలోల లాగుడూ, దానితోపాటు అటువైపు బరువులూ కలిసి మోపే ఒత్తిడిని ఆధారం దగ్గరున్న వెన్నుపూసల మధ్య మెత్తలు భరించాలి.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె 8. ఆ బార్‌ను ఒక్క సెంటీమీటరు ఒంటికి దగ్గరగా తెచ్చుకుంటే కండరాల మీద 8 కిలోలు తగ్గుతాయి. పది సెంటీమీటర్లు తెస్తే 80 కిలోలు. బార్ మోకాలి కింది ఎముకను దాదాపు ఒరుసుకుంటూ పైకి రావాలనీ, తుంటిని వెనక్కి తోసి వంగాలనీ, ఎత్తే ముందు ఊపిరి పీల్చి పొట్ట బిగించాలనీ మంచి శిక్షకులు పట్టుబట్టడంలో మర్మం చాలావరకు ఇదే. అమెరికాలోని వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1991లో సవరించిన ఎత్తుడు సూత్రంలోనూ ఇదే దాగి ఉంది: అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలు పరిమితి, బరువు చీలమండల నుంచి 25 సెంటీమీటర్లకు మించి ముందుకు జరిగితే, ఆ పరిమితిని 25తో గుణించి అసలు దూరంతో భాగించాలి. 50 సెంటీమీటర్ల దగ్గర అది 11.5 కిలోలకు పడిపోతుంది.

మండీలో హమాలీని ఒకసారి దగ్గరగా చూడండి. ఆయన బస్తాను నేల మీద నుంచి ఒంటరిగా లేపరు. ఇద్దరు ఎత్తి పట్టుకోగా మోకాళ్లు వంచి దాని కిందికి దూరి, మెడ దిగువన వీపు మీదికి తీసుకుని, బరువు తన పాదాల మీదికి వచ్చేంత మేరకే ముందుకు వంగుతారు. అక్కడ బస్తా ఆధారానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, దానికోసం కండరాలు లాగవలసింది 100 కిలోలే. బల భ్రామకాన్ని, అంటే బలాన్ని దూరంతో గుణించే ఈ లెక్కను, ఊగుడుబల్ల బొమ్మ వేసి చెప్పే పాఠ్యపుస్తకాలు, పిల్లవాడి నడుము మీదే ఆ లెక్క ఎందుకు వేయించవో నాకు అర్థం కాదు.

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకోవాలని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కనుక, పేరు తన్నినవారికి దక్కుతుంది. కాలిలోకి తిమ్మిరి దిగినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇక డబ్బా. అక్కడ ఉన్నది మరో రకం త్రాసు. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో రూపొందించిన పరీక్ష ప్రొటీన్‌ను నేరుగా తూచదు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది, ఎందుకంటే ప్రొటీన్‌లో దాదాపు 16 శాతం నత్రజని. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ త్రాసుకు తెలియదు. ఒక గ్రాము గ్లైసిన్ (ప్రొటీన్లను కట్టే అమైనో ఆమ్లాల్లో ఒకటి) అక్కడ 1.17 గ్రాముల ప్రొటీన్‌గా, జిమ్‌లలో వాడే క్రియాటిన్ ఒక గ్రాము రెండు గ్రాములుగా, ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమిన్ ఒక గ్రాము నాలుగు గ్రాములకు పైగా తూగుతుంది. 2008లో చైనాలో పాలలో మెలమిన్ కలిపి దాదాపు 3 లక్షల మంది పసివాళ్లను రోగాల పాలు చేసినవారు వాడుకున్నది ఈ గుడ్డితనాన్నే. ప్రొటీన్ డబ్బాల్లో విషం అక్కర్లేదు. చవకైన గ్లైసిన్ కలిపితే అంకె దానంతటదే పెరుగుతుంది.

మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య తప్పకుండా చూడండి. అయితే అది తయారీదారుకు అనుమతి ఉందని చెబుతుందే గానీ మీ డబ్బాలోని పొడికి హామీ ఇవ్వదు. అదే బ్యాచ్‌కు బయటి ప్రయోగశాల ఇచ్చిన నివేదిక అంతకన్నా నమ్మదగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. గుప్పెడు వేరుశనగలూ రెండు గుడ్లూ ఆ పని చవకగా చేస్తాయని నేనూ అంటాను.

ఉత్తరంతో పాటు మీరు పంపిన లేబుల్ ఫోటోలో ఒక్కో మోతాదుకు ప్రొటీన్ 25 గ్రాములని పెద్ద అక్షరాల్లో ఉంది. పాల నుంచి తీసిన వే ప్రొటీన్‌లో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం దాదాపు పదో వంతు ఉంటుంది కనుక, అది సుమారు 2.5 గ్రాములుండాలి. కింద చిన్న అక్షరాల్లో లూసిన్ 1.3 గ్రాములనీ, పదార్థాల జాబితాలో రెండో పేరుగా గ్లైసిన్ అనీ ఉన్నాయి. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న 25 గ్రాముల్లో వే ప్రొటీన్ బహుశా 13 గ్రాములు.