కాలువలు కట్టేసిన వేసవికి మురుగునీరు ఆదుకుంటుందా?

ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లు నిండుగా నిలిస్తే 3.07 టీఎంసీలు. సాగర్ అడుగంటి పైనుంచి విడుదల ఆగిన ఏడాది విజయవాడ, గుంటూరు తాగునీటికి ఆ నిల్వే పెద్ద ఆసరా. అలాంటి వేసవిలోనే ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి కేంద్రాల) నుంచి బయటికి పోయే నీటి మీద కన్ను పడుతుంది. నిజానికి మురుగు మన మంచినీటిలోకి ఎప్పుడో వచ్చేసింది. హైదరాబాద్ మురుగు మోసే మూసీ, వాడపల్లి దగ్గర, అంటే సాగర్‌కు దిగువన, పులిచింతలకు ఎగువన కృష్ణలో కలుస్తోంది.

బ్యారేజీ పనులు నడుస్తున్న రోజుల్లోనే అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని చానూట్ అనే చిన్న ఊళ్లో నది ఎండిపోయింది. 1956 అక్టోబరు నుంచి 1957 మార్చి దాకా ఆ ఊరు తన మురుగునే మామూలు పద్ధతిలో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి మళ్లీ తాగింది. రోగాలు ప్రబలినట్టు తేలలేదు. కానీ నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, వాసనొచ్చాయి, డిటర్జెంట్ల వల్ల కొళాయి కింద నురగ కట్టింది. జనం సీసా నీళ్లు కొనుక్కున్నారు. కారణం సూటిగానే ఉంది: క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ ఉప్పును గానీ డిటర్జెంట్లను గానీ తీయదు. తిప్పిన కొద్దీ అవి పేరుకుంటూ పోతాయి.

నమీబియా రాజధాని విండ్‌హోక్ ఆ దారిన పోలేదు. మురుగును తాగునీరుగా మార్చడం 1968లో రోజుకు 48 లక్షల లీటర్లతో మొదలుపెట్టి, 2002లో 2.1 కోట్ల లీటర్ల కొత్త ప్లాంటు కట్టింది. ముందు ఓజోన్ వాయువు పంపడం, తర్వాత పటిక లాంటి రసాయనాలతో మడ్డిని గడ్డకట్టించడం, దాన్ని గాలి బుడగలతో తేల్చి తీయడం, ఇసుక వడపోత, మళ్లీ ఓజోన్, మలినాల్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు), అతి సన్నని రంధ్రాల పొరలతో వడపోసే అల్ట్రాఫిల్ట్రేషన్, చివర క్లోరిన్. ఒక దశ తప్పితే తర్వాతిది పట్టుకుంటుంది. వచ్చే నీరు తేడాగా ఉంటే ప్లాంటు సరఫరా ఆపేస్తుంది. అన్నిటికన్నా తెలివైన పని ప్లాంటు బయట జరిగింది: ఫ్యాక్టరీల మురుగును ఇళ్ల మురుగులో కలవనీయలేదు. ఇక్కడ ఉప్పును కూడా ఆపే పొరల వడపోత, అంటే ఆర్వో, లేదు గనుక ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. అందుకే మామూలు రోజుల్లో మొత్తం సరఫరాలో ఈ నీటి వాటా 35 శాతం దాటనివ్వరు.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 2008 నుంచి 0.2 మైక్రాన్ వడపోత, ఆర్వో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అతినీలలోహిత కాంతి వాడి, మురుగును శుద్ధి చేసిన నీటిని భూగర్భంలోకి ఇంకిస్తోంది. ఆర్వో నీటిలో ఖనిజాలుండవు, పైపుల్ని తినేస్తుంది, కాబట్టి సున్నం కలపాలి. నూరు లీటర్లు పోస్తే 15 నుంచి 25 లీటర్లు చిక్కటి ఉప్పునీరుగా మిగులుతుంది. వాళ్లకు పక్కనే సముద్రం ఉంది. విజయవాడ నుంచి బందరు తీరం సుమారు 70 కిలోమీటర్లు, మధ్యలో అంతా వరి పొలాలు. ఆ ఉప్పునీటిని డ్రెయిన్లలోకి వదిలితే డెల్టాకే చేటు.

టెక్సస్‌లోని విచిటా ఫాల్స్ కరువులో, 2014 జులై నుంచి ఏడాది పాటు, శుద్ధి నీటినీ చెరువు నీటినీ సగం సగం కలిపి ఇచ్చింది. ఉప్పునీటి చెరువు కోసం కట్టిన ఆర్వో అప్పటికే సిద్ధంగా ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. పైపులైను వేస్తే సరిపోయింది. ఏమీ లేని ఊరు కరువొచ్చాక మొదలుపెడితే, ప్లాంటు లేచేలోపు వానలు రావచ్చు. ఇక ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఇలాంటి నీరు తాగుదామా అని 2006లో ఓటు పెడితే 62 శాతం వద్దన్నారు.

మన దగ్గర చిక్కంతా ప్లాంటుకు ముందూ వెనకా ఉంది. ఆటోనగర్ వర్క్‌షాపుల నూనె, లోహాలు ఇళ్ల మురుగులోకి చేరితే ఎస్టీపీలో మురుగును తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కరెంటు పోయి గాలి ఊదే బ్లోయర్లు గంటల తరబడి ఆగినా అంతే: అమ్మోనియా పెరిగి క్లోరిన్‌ను మింగేస్తుంది. ఇక కొళాయి వైపు చూస్తే, రోజులో కొన్ని గంటలే నీళ్లొదిలే పైపుల్లో ఒత్తిడి పడిపోగానే పగుళ్ల గుండా పక్క కాలువ నీరు లోపలికి లాగుతుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రాణాలు తీసినప్పుడు వేలెత్తి చూపింది మంచినీటి పైపుల్లోకి చేరిన మురుగునే. ఎంత ఖరీదైన శుద్ధి చేసిన నీరైనా వీధిలోకి రావాల్సింది ఆ పైపుల గుండానే.